పిస్టన్ మార్చే ముందు గాలి పరీక్ష

శ్రీశైలం రోడ్డు పట్టుకుని పట్నం వచ్చే రైతులకు బార్కస్ కొత్త కాదు. కందుకూరు, మహేశ్వరం వైపు నుంచి బండి మీద వస్తే పహాడీ షరీఫ్ దాటాక, చాంద్రాయణగుట్టకు ముందు తగిలే బస్తీ అది. నిజాం కొలువులో అరబ్బు సిపాయిలు ఉన్న బ్యారక్సులే జనం నోట బార్కస్ అయ్యాయి. జామపళ్లకు పేరుపడ్డ చోటు. పళ్లో, పాలో, కూరగాయలో దించి తిరిగి వెళ్లేటప్పుడు బండి చప్పుడు తేడాగా ఉంటే దారిలోనే ఏదో ఒక షెడ్డు ముందు ఆపి ఉస్తాదుకు చూపించి పోవడం మామూలే.

ఇలా షెడ్డుకు వచ్చే పాత రెండు స్ట్రోకుల బండ్లకు ఒక జబ్బు ఉంది. పిస్టన్ పట్టేస్తుంది. బ్లాకు విప్పి, బోరు కట్టించి, కొత్త పిస్టన్, రింగులు వేయిస్తారు. వేలల్లో ఖర్చు. నెలో, రెండు నెలలో గడుస్తాయి. మళ్లీ పట్టేస్తుంది. అప్పుడు ‘పిస్టన్ నకిలీది’ అని ఒకరు, ‘ఆయిలు తక్కువ పోశావు’ అని ఒకరు అంటారు. రెండూ కావచ్చు. కానీ చాలాసార్లు అసలు దొంగ వేరే చోట ఉంటాడు. ఇంజనులో ఎక్కడో సన్నని సందు ఉండి, అక్కడి నుంచి గాలి లోపలికి పోతూ ఉంటుంది. ఆ సందు మూయకుండా ఎన్ని పిస్టన్లు వేసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

ఈ సందును కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఇంజను దారులన్నీ మూసి, కొద్దిపాటి గాలి నింపి, అది నిలుస్తుందో లేదో చూడటం. బీపీ చూసే రబ్బరు బుడ్డి, దాని గడియారం, సర్ఫు నీళ్లు ఉంటే చాలు. గంట పని. పిస్టన్ వేయించే ముందు ఈ గంట ఖర్చు పెడితే తర్వాత వేలు మిగులుతాయి.

మీది రెండు స్ట్రోకుల ఇంజనేనా?

పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేది, లేదా టూటీ ఆయిలుకు వేరే ట్యాంకు ఉన్నది అయితే అది రెండు స్ట్రోకుల ఇంజనే. రాజ్‌దూత్, జావా, ఎజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100, సుజుకీ మ్యాక్స్ 100, లూనా, పాత బజాజ్ చేతక్, పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఈ జాతివే. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 మాత్రం నాలుగు స్ట్రోకులది, దానికి ఈ వ్యాసం వర్తించదు.

ఈ బండ్లలో చాలావాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మైసూరులో జావా, ఎజ్డీలు చేసిన ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 కూడా 1996తోనే ఆగింది. అంటే మీ ఇంట్లో ఉన్నది ఆ పాత జావానో, ఎజ్డీనో, ఆర్‌ఎక్స్ 100నో అయితే దానికి తక్కువలో తక్కువ పాతికేళ్లు దాటి ఉంటాయి. ఇనుము బాగానే ఉండవచ్చు గానీ లోపలి రబ్బరు సీళ్లు, ప్యాకింగులు అన్నాళ్లు నిలవవు.

బండి లేని రైతు కూడా ఇది చదవాలి. పురుగుమందు కొట్టే పవర్ స్ప్రేయర్లలో, గడ్డి కోసే యంత్రాలలో చాలావాటికి ఉన్నది ఈ రెండు స్ట్రోకుల ఇంజనే. మందు కొట్టే అదునులో స్ప్రేయర్ పట్టేస్తే పంట నష్టం కూడా తోడవుతుంది.

కొలిమి తిత్తి లాంటి ఇంజను

గాలి ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే ఇంజను ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు తిరిగే గదిలో ఉండేది ఆయిలు. అక్కడ సందు పడితే ఆయిలు కారుతుంది, మీ కంటికి కనిపిస్తుంది.

రెండు స్ట్రోకుల ఇంజను అలా కాదు. ఇందులో క్రాంకు గది కమ్మరి కొలిమి తిత్తిలాగా పని చేస్తుంది. పిస్టన్ పైకి పోయినప్పుడు కింద క్రాంకు గదిలో ఖాళీ ఏర్పడి, కార్బురేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన ఆవిరిని లోపలికి పీలుస్తుంది. పిస్టన్ కిందికి వచ్చినప్పుడు ఆ ఆవిరి నొక్కుకుని, పక్క దారుల గుండా పిస్టన్ పైకి ఎక్కుతుంది. అక్కడ ప్లగ్గు మంట పెడుతుంది. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఈ పీల్చడం, నెట్టడం క్షణానికి నూరు సార్లు జరుగుతుంది.

కమ్మరి తిత్తికి చిల్లి పడితే మంట తగ్గుతుంది. ఇక్కడ అందుకు తిరకాసు. తిత్తికి చిల్లి పడితే వేడి పెరుగుతుంది. ఎందుకంటే చిల్లిలోంచి వచ్చే గాలి కార్బురేటర్ గుండా రాదు, ఒట్టి గాలిగా వస్తుంది. దాని వెంట పెట్రోలు రాదు, ఆయిలు రాదు. ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండటానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. బరువు మోసే ఇంజనుకు పెట్రోలు పాలు ఇంకాస్త ఎక్కువే ఉండాలి. గాలి పాలు మీరితే మంట వేడెక్కుతుంది. లోపలి భాగాలను చల్లబరిచే పెట్రోలు ఆవిరి తగ్గుతుంది. జారుడునిచ్చే ఆయిలూ పలచబడుతుంది. మూడూ ఒకేసారి మీద పడితే పిస్టన్ ఉబ్బి బ్లాకు గోడలకు పట్టేస్తుంది. మీరు పెట్రోల్లో ఆయిలు సరిగ్గా కలిపినా సరే.

ఇది పైసలతో పోయే నష్టం మాత్రమే కాదు. బండి వేగంగా పోతుండగా పిస్టన్ పట్టేస్తే వెనుక చక్రం బిగుసుకుపోతుంది. వెనుక పాల క్యాన్లో, ఇంట్లో మనిషో ఉంటే పరిస్థితి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పోతూ పోతూ ఇంజను బరువెక్కి, గొంతు మారినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ నొక్కి పట్టుకోండి. ఆ తర్వాతే మెల్లగా పక్కకు తీయండి.

సందు పడిందని చెప్పే గుర్తులు

ఈ కింది వాటిలో ఒకటి రెండు కనిపించినా అనుమానించండి.

• యాక్సిలేటర్ వదిలేసినా ఇంజను వెంటనే స్లోకు రాకుండా కాసేపు అరుస్తూనే ఉంటుంది.

• స్లో నిలకడగా ఉండదు. పొద్దున ఒకలా, వేడెక్కాక ఒకలా ఉంటుంది. మిస్త్రీ స్క్రూ తిప్పి సరిచేసినా రెండు రోజులకు మళ్లీ మొదటికి వస్తుంది.

• ఎక్కువ సార్లు కిక్కు కొడితే గానీ స్టార్టు కాదు.

• ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద టిక్కుటిక్కుమని గోటితో కొట్టిన చప్పుడు వస్తుంది. ఇంజను మామూలు కన్నా బాగా కాలుతుంది.

• ప్లగ్గు విప్పి చూస్తే కొన తెల్లగా సున్నం పూసినట్టు ఉంటుంది. బాగున్న ఇంజనులో అది కాఫీ పొడి రంగులో ఉండాలి.

• గేరు ఆయిలు కింద కారకుండానే తగ్గిపోతుంది, సైలెన్సర్ నుంచి విపరీతంగా పొగ వస్తుంది. క్లచ్ వైపు సీలు చెడి, క్రాంకు గది గేరు ఆయిలును పీల్చుకుంటోందని దీని అర్థం. అప్పుడు ప్లగ్గు తెల్లగా కాక నల్లగా, తడిగా ఉంటుంది.

ఒక్క మాట. ప్లగ్గు తెల్లబడినంత మాత్రాన సందు ఉన్నట్టే అనుకోవద్దు. కార్బురేటర్ జెట్టులో చెత్త పడ్డా, ట్యాంకు మూత రంధ్రం పూడి పెట్రోలు సరిగా దిగకపోయినా, టైమింగు ముందుకు జరిగినా, ఇంజనుకు తగని ప్లగ్గు వేసినా అలాగే అవుతుంది. తప్పు గాలి సందులో ఉందా, కార్బురేటర్‌లో ఉందా అన్నది తేల్చేది ఈ పరీక్షే. గాలి నిలిస్తే ఇంజను గట్టిదే, కార్బురేటర్ వైపు చూడాలి. నిలవకపోతే ముందు సందు మూయాలి.

పెద్ద జెట్టు వేస్తే సరిపోతుందని కొందరు మిస్త్రీలు అంటారు. సందు ఉండగా జెట్టు పెంచడం జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే. సందు రోజురోజుకూ పెరుగుతుంది, జెట్టు పెరగదు. పైగా పెట్రోలు ఖర్చు.

కావలసిన సామాను

మందుల దుకాణంలో, వైద్య పరికరాలు అమ్మే చోట బీపీ మిషను విడి సామాను దొరుకుతుంది. గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గుండ్రటి గడియారం చాలు, చేతికి చుట్టే పట్టీ అక్కరలేదు. పాడైన బీపీ మిషను ఉన్నా పనికొస్తుంది. బుడ్డిని, గడియారాన్ని, ఇంజనుకు పోయే గొట్టాన్ని కలపడానికి మూడు నోళ్ల జాయింటు ఒకటి కావాలి.

ఇంజను దారులు మూయడానికి రెండు మూడు సైజుల రబ్బరు బిరడాలు, గొట్టం క్లిప్పులు, సైకిల్ ట్యూబు ముక్కలు. సైలెన్సర్ బిగించే చోట మూయడానికి చిన్న ఇనుప పట్టీ, దాని కింద వేయడానికి ట్యూబు రబ్బరు. గాలి పంపడానికి ఒక బిరడాకు రంధ్రం చేసి పాత ట్యూబు వాల్వు గొట్టాన్ని దూర్చవచ్చు. లేదా పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, దాని ఇనుప గుల్లలో సన్న గొట్టం అతికించుకోవచ్చు. చివరగా గిన్నెడు సర్ఫు నీళ్లు, ఒక పెయింటు బ్రష్షు.

టైరు పంక్చర్ షాపులో ఉండే కంప్రెసర్ గాలిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. టైర్లకు కొట్టే గాలి ఈ పరీక్షకు కావలసిన దానికి ఎన్నో రెట్లు. ఒక్క ఊపుకు బాగున్న సీలు కూడా గూట్లోంచి ఎగిరిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

పరీక్ష ఇలా చేయాలి

1. ఇంజను పూర్తిగా చల్లారాలి. ట్యాంకు కాక్ మూయండి. దగ్గర బీడీ, దీపం, పొయ్యి ఉండకూడదు.

2. ముందుగా మీ సామానును పరీక్షించుకోండి. గొట్టం కొసను వేలితో గాని క్లిప్పుతో గాని మూసి గాలి కొట్టండి. ముల్లు కదలకుండా నిలవాలి. బుడ్డి, జాయింటు కారుతుంటే ఇంజను మీద నింద పడుతుంది.

3. సైలెన్సర్ విప్పి, బ్లాకు దగ్గరే దారి మూయండి. సైలెన్సర్ కొసన గుడ్డ కుక్కితే లాభం లేదు, మధ్యలో అతుకులు కారతాయి. ఎజ్డీ, జావాలకు రెండు సైలెన్సర్లు ఉంటాయి, రెండు దారులూ మూయాలి.

4. కార్బురేటర్ విప్పండి. అది కూర్చునే రబ్బరును మాత్రం విప్పొద్దు. బిరడా ఆ రబ్బరులోనే బిగించి క్లిప్పు వేయండి. చాలా బండ్లలో పగిలేది ఆ రబ్బరే, దాన్ని కూడా పరీక్షించాలి కదా.

5. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లకు ఆయిలు పంపు నుంచి వచ్చే సన్న గొట్టం ఉంటుంది. దాన్ని మెత్తని క్లిప్పుతో నొక్కి మూయండి. డీకంప్రెసర్ ఉన్న మోపెడ్‌కు అది సరిగ్గా మూసుకుందో లేదో చూడండి.

6. పిస్టన్‌ను బాగా కిందికి తెండి. అప్పుడు పై గదికి, కింది గదికి మధ్య పక్క దారులు తెరుచుకుని ఇంజను అంతా ఒకే గది అవుతుంది.

7. ఆర్‌ఎక్స్ 100 వంటి రీడ్ వాల్వు బండ్లకు కార్బురేటర్ వైపు నుంచే గాలి కొట్టాలి. ప్లగ్గు వైపు నుంచి కొడితే రీడ్ ఆకులు మూసుకుపోయి, వాటి వెనుక ఉన్న రబ్బరుకు గాలి చేరదు. రాజ్‌దూత్ వంటి వాల్వు లేని ఇంజన్లకు ప్లగ్గు రంధ్రం నుంచి కొట్టవచ్చు. వీటిలో మొదటి పరీక్ష అయ్యాక పిస్టన్‌ను పైకి తెచ్చి మరోసారి చూడాలి. అప్పుడే కార్బురేటర్ వైపు దారి క్రాంకు గదికి తెరుచుకుంటుంది.

8. మెల్లగా గాలి కొట్టి ముల్లును 280 దగ్గర ఆపండి. బీపీ గడియారంలో 300 దాటనివ్వొద్దు. టైరు లెక్కలో ఇది అయిదారు పౌండ్లు మాత్రమే. మిస్త్రీలు ‘ఆరు పౌండ్లు, ఆరు నిమిషాలు’ అని గుర్తు పెట్టుకోవడం తేలిక.

ఫలితం ఎలా చూడాలి?

ఆరు నిమిషాలు ముల్లు దాదాపు కదలకుండా నిలిస్తే ఇంజను బిగువుగా ఉన్నట్లు. మెల్లగా దిగితే సన్న సందు ఉంది, వెతకాలి. నిమిషం లోపలే సగానికి పడిపోతే ఆ సందు మూసేదాకా బండి నడపొద్దు. స్ప్రేయర్ లాంటి చిన్న ఇంజనులో పట్టే గాలే తక్కువ. కాబట్టి అదే సైజు సందుకు ముల్లు ఇంకా వేగంగా పడిపోతుంది. అందుకే ముల్లు వేగం కన్నా బుడగ వచ్చే చోటు ముఖ్యం.

గాలి నింపి ఉంచి, సర్ఫు నీళ్లు బ్రష్షుతో ఒక్కొక్క అతుకు మీద రాయండి. ట్యూబు పంక్చరు వెతికినట్టే. ఈ వరుసలో చూడండి.

మొదట మీరు పెట్టిన బిరడాలు. తర్వాత కార్బురేటర్ రబ్బరు, దాని ప్యాకింగు. రబ్బరును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు వంచినప్పుడే తెరుచుకుంటాయి. ఆ తర్వాత ప్లగ్గు వాషరు, హెడ్డు అతుకు, బ్లాకు కింది ప్యాకింగు, క్రాంకు గది రెండు సగాలు కలిసే గీత.

ఎక్కడా బుడగ లేదు, అయినా ముల్లు దిగుతోందంటే క్రాంకు రెండు కొసల్లో ఉండే ఆయిలు సీళ్లు మిగిలాయి. మ్యాగ్నెట్ వైపు సీలు చూడాలంటే మ్యాగ్నెట్, దాని వెనుక ప్లేటు విప్పి, క్రాంకు కడ్డీ చుట్టూ సబ్బు నీళ్లు రాయాలి. క్లచ్ వైపు సీలు గేరు ఆయిలులో మునిగి ఉంటుంది కాబట్టి బుడగ కంటికి కనపడదు. దీనికి చిట్కా ఉంది. గేరు గదికి గాలి ఆడే రంధ్రం గాని, ఆయిలు పోసే మూత గాని చూసి, ఆ నోటికి సర్ఫు నీళ్ల పొర పట్టించండి. పొర ఉబ్బితే క్రాంకు గది గాలి సీలు దాటి గేరు గదిలోకి వస్తోందన్నమాట.

గాలి నిలిచినా తిరగదు కథ

కొన్ని సీళ్లు లోపలి నుంచి గాలి నెట్టినప్పుడు బాగానే ఉంటాయి. సీలు పెదవి క్రాంకు గది వైపు తిరిగి ఉంటుంది కాబట్టి లోపలి గాలి దాన్ని కడ్డీకి ఇంకా అదుముతుంది. ఇంజను పీల్చేటప్పుడు మాత్రం ముదిరిన పెదవి పైకి లేచి బయటి గాలిని రానిస్తుంది. అందువల్ల గాలి కొట్టే పరీక్షతో పాటు గాలి లాగే పరీక్ష కూడా చేయాలి. దారులు అలాగే మూసి ఉంచి, చేతి వాక్యూమ్ పంపుతో గాలిని లాగి, ముల్లు నిలుస్తుందో చూస్తారు. ఈ పంపు అన్ని షెడ్లలో ఉండదు. ఉన్న చోట తప్పక చేయించండి. లేని చోట, గుర్తులు గట్టిగా ఉంటే పరీక్షలో నిలిచినా సరే రెండు సీళ్లూ మార్పించడం మంచిది. పిస్టన్ సెట్టు ముందు సీళ్ల ధర ఏపాటిది?

సందు దొరికాక

కార్బురేటర్ రబ్బరు పగిలితే ఎం-సీల్, సైకిల్ ట్యూబు చుట్టి సరిపెట్టొద్దు. పెట్రోలు తగిలి నాలుగు రోజుల్లో ఊడుతుంది. కొత్తదే వేయాలి. హెడ్డు అతుకు కారుతుంటే మందపాటి అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, హెడ్డు ముఖాన్ని గుండ్రంగా తిప్పుతూ సాపు చేయించాలి. క్రాంకు గది సగాలను స్క్రూడ్రైవర్ దూర్చి విడదీయనివ్వొద్దు. అక్కడ పడ్డ గీతే రేపటి సందు.

సీళ్లు రెండూ కలిపే మార్చాలి. ఒకటి ముదిరితే రెండోదీ అదే వయసుది. కొత్త సీలు స్ప్రింగు ఉన్న ముఖం క్రాంకు గది వైపు ఉండాలి, పెదవికి కాస్త గ్రీజు రాయాలి. వేసే ముందు క్రాంకు కడ్డీని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూపించమనండి. ఊగుతుంటే బేరింగు అయిపోయిందని అర్థం. బేరింగు మార్చకుండా సీలు వేస్తే అది నెలలు కూడా నిలవదు.

అన్నీ బిగించాక మళ్లీ ఒకసారి గాలి పరీక్ష చేయాలి. ఈ రెండో పరీక్ష చేయని పని సగం పనే.

పెట్రోలు సంగతి

ఈ మధ్య పాత బండ్లలో రబ్బరు త్వరగా చెడుతోందన్న ఫిర్యాదుకు మరో కారణం కూడా ఉంది. పెట్రోల్లో చెరకు, ధాన్యం నుంచి తీసిన ఇథనాల్ కలపడం దేశంలో 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 1980లు, 90లలో చేసిన బండ్ల రబ్బరు ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అది కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది, గట్టిపరుస్తుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అందుకే స్ప్రేయర్‌లో, అరుదుగా తీసే బండిలో పెట్రోలు నెలల తరబడి ఉంచొద్దు. సీజను అయిపోగానే ట్యాంకు వంపేసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. ఖాళీగా ఉన్న బండిని కూడా వారానికోసారి కొంతదూరం తిప్పితే సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

స్ప్రేయర్ ఉన్నవారికి

పరీక్ష పద్ధతి ఇదే. తేడాలు రెండే. స్ప్రేయర్లు కొన్నిటిలో కార్బురేటర్ కూర్చునే చోట పెద్ద దారి పక్కన ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. అది క్రాంకు గది ఊపుతో పెట్రోలు లాగడానికి పెట్టినది. మూసే పట్టీ దాన్ని కూడా కప్పాలి, లేకపోతే లేని సందు ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది, స్ప్రేయర్‌ను షెడ్డుకు తీసుకుపోయే ముందు ట్యాంకు, గొట్టం, పైపైన అంటిన మందు సబ్బు నీళ్లతో శుభ్రంగా కడగండి. మిస్త్రీ ఒట్టి చేతులతో పట్టుకునేది దాన్నే.

ఆయిలు కొలత కంపెనీ పుస్తకంలో చెప్పినంతే కలపాలి. లీటరుకు 25 మిల్లీలీటర్లు చెప్పిన ఇంజన్లూ ఉన్నాయి, 40 చెప్పినవీ ఉన్నాయి. కంటి అందాజుతో పోయకుండా కొలత మూత వాడండి. పట్టేస్తుందేమోనని ఆయిలు రెట్టింపు పోయడం మందు కాదు. ఆయిలు పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, సందు మాత్రం అలాగే ఉంటుంది.

షెడ్డులో ఏమని అడగాలి?

బోరు కట్టే పని ఒప్పుకునే ముందే చెప్పండి. బార్కస్ వైపైతే ‘ఉస్తాద్, పిస్టన్ వేసే ముందు లీకేజ్ టెస్ట్ చేయండి, సీళ్లు చూడండి’ అంటే అర్థం చేసుకుంటారు. పరీక్ష మీ ముందే చేయమనండి. పాత పిస్టన్ పారేయనివ్వకుండా చేతికి తీసుకుని చూడండి. కొత్తగా వేసిన పిస్టన్ మీద గీతలు, కరిగిన మచ్చలు ఉంటే అది ఎండకో, దురదృష్టానికో పట్టేయలేదు. కారణం తెలిసేదాకా ఇంకో పిస్టన్‌కు పైసలు ఇవ్వొద్దు.

బీపీ బుడ్డి, గడియారం సెట్టు ఊళ్లో నలుగురు రైతులు కలిసి కొనుక్కున్నా చాలు, అందరి బండ్లకూ, స్ప్రేయర్లకూ పనికొస్తుంది. వానాకాలం పనులు మొదలుకాక ముందే ఒకరోజు కూర్చుని చూసుకోండి. కార్బురేటర్ రబ్బరు, ప్లగ్గు, హెడ్డు దాకా మీరే చూసుకోవచ్చు. క్రాంకు సీళ్ల పని మాత్రం చేయి తిరిగిన మిస్త్రీకే వదలండి.